బూజే మందు

క్యాబేజీ తోట పక్కనే ఇల్లు. తమ్ముడు వరండాలో కూర్చుని స్ప్రేయర్ కడుగుతుంటే అక్క వచ్చింది. తమ్ముడి భార్య వంటింట్లో ఉంది.

"ఆ స్ప్రేయర్ కింద పెట్టు. నేను మాట్లాడుతుంటే దాన్ని కడుగుతూ కూర్చుంటావేంటి?"

"వింటున్నానక్కా. వినేది చెవులతోనేగా."

"వేళాకోళం వద్దురా. అసలే ఒళ్లు మండిపోతోంది నాకు. చెయ్యి చాపు."

"ఎందుకు?"

"చాపమంటే చాపు. ఇదిగో. ఏంటో చెప్పు."

"పురుగు."

"ఎవరి పురుగు?"

"నీదే. పట్టుపురుగు."

"మొన్నటిదాకా షెడ్డులో అడుగుపెడితే బయట వాన పడుతోందేమో అనిపించేది. అన్నీ కలిసి ఆకు నమిలితే అంత చప్పుడు. ఇప్పుడు చూడు దీన్ని. నొక్కు, పర్లేదు."

"గట్టిగా ఉంది."

"సుద్దముక్కలా ఉంది. పలక మీద రాయొచ్చు దీంతో. మా పనిలో సున్నపుకట్టు అంటారు దీన్ని. ఒళ్లంతా బూజు పట్టి, బిగుసుకుపోయి, సున్నం కొట్టినట్టు తెల్లగా చస్తుంది. నాలుగో జ్వరం దాటి లేచిన పురుగులురా ఇవి. పాత తోలు విడవడానికి మేత మానేసి పడుకుంటాయే, ఆ నాలుగు జ్వరాలూ గట్టెక్కించా. చంటిపిల్లల్లా చూసుకున్నా. ఇంకాస్త మేస్తే గూళ్లు కట్టేవి."

"అయ్యో. చూస్తుంటే జాలేస్తోందక్కా."

"జాలా? చంపినవాడే జాలిపడుతుంటే ఇంక చచ్చినవాటికేం లోటు."

"నేను చంపలేదు."

"మరి ఎవరు చంపారు? ఏం కొడుతున్నావు నీ తోటలో?"

"అందరికీ తెలిసిందేగా. బూజు మందు."

"బూజుకి మందు కొడితే నా పురుగులకి బూజెందుకు పడుతుంది?"

"బూజుకి మందు కాదక్కా. బూజే మందు."

"మళ్లీ చెప్పు ఆ మాట."

"బూజు పొడి నీళ్లలో కలిపి పొద్దువాలాక కొడతాం. ఎండలో కొడితే అది చస్తుంది. క్యాబేజీ తినే లద్దెపురుగు ఒంటి మీద పడిందంటే అక్కడే మొలిచి తోలులోంచి లోపలికి దిగుతుంది. లోపలంతా తినేసి, పురుగు చచ్చాక తెల్లగా బయటికొస్తుంది. మనిషికేం కాదు. గొడ్డుకేం కాదు. కాలవలో చేపకేం కాదు."

"పట్టుపురుగుకి?"

"అంటే..."

"చేపదాకా చెప్పావుగా, గుక్క తిప్పుకోకుండా. పట్టుపురుగుకేం అవుతుంది?"

"అదీ పురుగే కదక్కా."

"అదీ పురుగే. విన్నావా అమ్మాయ్? వంటింట్లో ఉన్నావుగా. మీ ఆయన చెబుతున్నాడు, నాదీ పురుగేనట."

"వింటున్నా వదినా."

"బయటికొచ్చి విను."

"పొయ్యి మీద పాలున్నాయి వదినా."

"ఉంటాయి. మీ ఇంట్లో నేనొచ్చినప్పుడల్లా పొయ్యి మీద ఏదో ఒకటి ఉంటుంది."

"దాన్నెందుకంటావు? నన్నను. అనడానికేగా వచ్చావు."

"అంటా. గట్టు అవతల నా మల్బరీ ఉందని నీకు తెలీదా? ఆ ఆకే కోసి పురుగులకి వేస్తానని తెలీదా? గాలి ఎటు వీస్తుందో తెలీదా?"

"తెలుసు."

"తెలిసీ కొట్టావు."

"అక్కా, నేనూ ఒకటి అడుగుతా, చెబుతావా? పోయిన కాపులో నీ పురుగులన్నీ చచ్చిపోయినప్పుడు ఏమన్నావు?"

"ఏమన్నా? నీ విషం వల్లే చచ్చాయన్నా. నిజమేగా."

"వీధి వీధంతా వినేలా అన్నావు. నేను కాదన్నానా? మందు కొట్టింది నిజం, గాలి అటే ఉన్న మాట నిజం. డబ్బాలన్నీ ఏరి కొట్లో తిరిగిచ్చేశా. జన్మలో ఇంక విషం కొట్టనన్నా. కొట్టానా ఆ తర్వాత?"

"కొట్టలేదు."

"ఏమైందప్పుడు? లద్దెపురుగు తోటని జల్లెడ చేసి పెట్టింది. పొద్దున్నే లేచి చూస్తే పై ఆకులు లేవు, ఈనెలున్నాయి. నాకు ఏడుపొచ్చింది. గట్టు ఇటు తిరిగి ఒక్కసారైనా చూశావా నువ్వు? ఎలా ఉన్నావురా అన్నావా?"

"విషం మానితే పుణ్యం వస్తుందన్నా గానీ పంట వస్తుందని నేనన్లేదు. అయినా నీ మంచికి కాదా? మందు కొట్టినప్పుడల్లా నీ పెళ్లాం వాంతులు చేసుకునేది."

"కాదనను. ఇప్పుడు దాని తలనొప్పులు పోయాయి. నా చేతులు పగలడం లేదు. అన్నం నోట్లో పెట్టుకుంటే మందు కంపు లేదు. అందుకు నీకు దండం పెడతా. విషం లేకుండా పంట తియ్యొచ్చని ఇన్నాళ్లకి కళ్లతో చూశాక, ఆకు తిప్పితే లద్దెపురుగులు తెల్లగా బిగుసుకుని కనిపించాక, నా ఆనందం నాది. దానికీ నువ్వొచ్చి అరిస్తే నేనేం చెయ్యను? గట్టుకి ఇటు పురుగు చావాలి, అటు పురుగు బతకాలి. ఈ వరం ఇవ్వాలంటే దేవుడికైనా కష్టమేనక్కా."

"దేవుణ్ణి లాగకు మధ్యలోకి. పట్టుపురుగులు పెంచే చోట ఈ బూజు వాడకూడదని సంచీ మీదే రాసుంటుంది. మాకు శిక్షణ ఇచ్చినప్పుడు మొదటి రోజే చెప్పారు. మరీ అంతగా కావాలంటే లద్దెపురుగుకి మాత్రమే పట్టే వైరస్ మందుంది. పక్క పురుగు జోలికి పోదు. అది తెచ్చుకోవచ్చుగా?"

"దొరకలేదు."

"అడిగావా?"

"అడిగా."

"ఎవర్ని?"

"కొట్లో."

"సరే. నువ్వు కొట్టిన మందు సంచీ పట్రా. ఏం రాసుందో చదువుదాం ఇద్దరం."

"ఏ సంచీ?"

"బూజు పొడి సంచీరా. చేతులతో గాల్లోంచి తియ్యలేదుగా."

"పారేశా."

"ఎక్కడ?"

"ఎక్కడో. చెత్తలో."

"ఎక్కడ కొన్నావు?"

"కొట్లోనే అన్నాగా. ఎరువుల కొట్లో."

"నేను ఎక్కడ్నుంచి వస్తున్నాననుకున్నావు? బజారుకెళ్లొస్తానని మీ బావకి చెప్పి, సరాసరి ఆ కొట్టుకే పోయా. డబ్బాలు తిరిగిచ్చినరోజు తర్వాత నువ్వు ఆ గుమ్మమే తొక్కలేదట."

"ఆ కొట్టాయనకి మతిమరుపు."

"ఆయనకా? నీ చిన్నప్పుడు ఆ కొట్టు ముందు నువ్వు పగలగొట్టిన సీసా సంగతి ఇవాళ కూడా ఎత్తాడు."

"ఇంకో కొట్లో కొన్నానేమో."

"ఏమో ఏంటి, కొన్నది నువ్వా నేనా? నా మొహం చూసి చెప్పు."

"అక్కా, జరిగిందేదో జరిగింది. సంచీ దొరికితే నీ పురుగులు లేస్తాయా?"

"లేవవు. కానీ నాకు అబద్ధం చెబుతున్నావు. పురుగులు చచ్చిన కోపం ఒకెత్తు, నువ్వు కళ్లు దించుకుని అబద్ధాలు చెబుతుంటే వచ్చే కోపం ఒకెత్తు. తప్పుకో."

"ఎక్కడికి?"

"సంచీ వెతకడానికి. వంటింట్లో దాచారేమో చూస్తా."

"వదినా, ఇటు రాకండి. నేల తడిగా ఉంది."

"తడి తొక్కితే కరిగిపోనులే. ఆ మూల గుడ్డలు కప్పి పెట్టావే, అవేంటి?"

"పెరుగు వదినా."

"ఇద్దరికి ఇన్ని డబ్బాల పెరుగా? పెళ్లి చేస్తున్నారా ఎవరిదైనా? గుడ్డ తియ్యి."

"వదినా, వద్దు."

"నువ్వు తియ్యకపోతే నేనే తీస్తా."

"తీస్తున్నా వదినా."

"జొన్నలు. ఉడకబెట్టిన జొన్నలు. వీటి మీద ఈ తెల్లటిది... ఓరి దేవుడా. కొనడం కాదు, ఇంట్లోనే పెంచుతున్నారు."

"అవును, పెంచుతున్నాం. దొంగతనం చెయ్యలేదుగా. గింజలు ఉడకబెట్టి, చల్లారాక కాస్త బూజు కలిపి గుడ్డ కడితే అల్లుకుంటుంది. దాన్ని నీళ్లలో పిసికి, వడగట్టి కొడతాం. మా ఆవిడే నేర్చుకుంది, తనే చేస్తుంది. నాకంటే శుభ్రంగా చేస్తుంది."

"ఎవరు నేర్పారు అమ్మాయ్ నీకు?"

"ఫోన్లో చూశా వదినా."

"ఫోన్లో చూశావు. బాగుంది. ఫోన్లోంచి బూజు ఊడిపడదుగా. పాలు కాచి ఎంతసేపు పెట్టినా తోడు వెయ్యకపోతే విరుగుతాయి గానీ పెరుగవ్వవు. దీనికి తోడు ఎక్కడిది?"

"పాలు పొంగుతున్నాయి వదినా."

"పొంగనీ. తోడు ఎవరిచ్చారు?"

"నేనే తెచ్చా అక్కా. తోటలో దొరికింది. ఒక లద్దెపురుగు తెల్లగా చచ్చి పడుంది. దాన్ని తెచ్చి గింజల్లో వేశాం."

"తోటలో దొరికింది."

"ఊఁ."

"ఇందాక సంచీ అన్నావు."

"ఇప్పుడు తోట అంటున్నా."

"ఇంకాసేపు ఉంటే ఆకాశంలోంచి రాలిందంటావు. అమ్మాయ్, నువ్వెందుకు అటు తిరిగి నిలబడ్డావు? తోటలోనే దొరికిందా?"

"ఆయన చెబుతున్నారుగా వదినా."

"ఆయన చాలా చెబుతున్నాడు. అందుకే నిన్నడుగుతున్నా."

"దాన్ని వదిలెయ్ అక్కా. తప్పు నాది. పూర్తిగా నాదే. చాలా?"

"చాలదు. తప్పు నాదే అనేసి చేతులు దులుపుకుంటే నాకేం ఒరిగింది? ఈ డబ్బాలు తగలబెట్టు. ఆ క్యాబేజీ పీకి గోతిలో పూడ్చు. ఆకు ఆకునా బూజుంది. అది ఉన్నంతకాలం నా షెడ్డులో పురుగు బతకదు. ఈ కాపు ఎలాగూ పోయింది, వచ్చే కాపైనా నాకు దక్కాలి. పీకనన్నావంటే పెద్దమనుషుల్లో పెడతా. తమ్ముడివని చూడను. అసలు నాకు తమ్ముడే లేడనుకుంటా."

"పీకేస్తా."

"ఏంటి?"

"పీకేస్తానక్కా. రేపొద్దున్నే మొదలుపెడతా. నువ్వు ఇంటికెళ్లు."

"ఏమండీ."

"నువ్వూరుకో."

"ఎందుకూరుకోవాలి? కోతకొచ్చిన తోట అది. ఒక్కొక్క గడ్డ నా తలకాయంత అయింది. లారీ మాట్లాడుకున్నారు మీరే. ఇప్పుడు పీకి పూడుస్తారా?"

"ఊరుకోమన్నానా లేదా?"

"ఊరుకోను. చెయ్యని తప్పుకి తోట పీకుతానంటే నేను చూస్తూ ఊరుకోను. మాటిచ్చింది మీరు, నేను కాదు."

"మాటా? ఎవరికిచ్చావురా మాట?"

"ఎవరికీ లేదక్కా. దానికి కోపంలో ఏం మాట్లాడుతోందో తెలీడం లేదు."

"కోపంలోనే మనిషి నోట నిజం వచ్చేది. చెప్పమ్మా."

"వద్దే. నా మాట విను."

"చెబుతా. ఏమైతే అదవుతుంది. వదినా, సంచీ లేదు, తోటలో దొరికిందీ లేదు. తోడు మీ ఇంటి నుంచే వచ్చింది."

"మా ఇంటి నుంచా?"

"మీ షెడ్డులోంచి. అన్నయ్యగారే తెచ్చారు, బకెట్‌లో వేసి, పైన ఆకు కప్పి. అన్నీ తెల్లగా బిగుసుకుపోయిన పట్టుపురుగులు. మీ పురుగులు అప్పటికి రెండో జ్వరం కూడా దాటలేదు. మా తోట అప్పుడు ఎలా ఉందో మీకు తెలుసుగా. 'పారేస్తే ఎవరికి లాభం చెల్లెమ్మా, ఈ బూజు మీ లద్దెపురుగునీ పడుతుంది, నూరి కొట్టండి' అన్నారు. 'మీ వదినకి మాత్రం చెప్పొద్దు' అని ఈయన చేత ఒట్టు వేయించుకున్నారు."

"అబద్ధం."

"నిజం వదినా."

"మీ అన్నయ్య నాకు చెప్పకుండా మంచినీళ్లు కూడా తాగడు. ఆ మనిషికి అబద్ధం చెప్పడం చేతకాదు. చెబితే చెవులు ఎర్రబడతాయి, ఇట్టే దొరికిపోతాడు."

"మీరు అరుస్తుంటే ఆయన చెవులు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి వదినా. అబద్ధానికి ఎర్రబడ్డాయో భయానికి ఎర్రబడ్డాయో మీకెలా తెలుస్తుంది?"

"ఏమన్నావు?"

"ఉన్నమాటే అన్నా."

"అక్కా, అది చిన్నది, దాని మాట పట్టించుకోకు."

"దాని మాట పట్టించుకోను, నీ మాట చెప్పు. బకెట్ తెచ్చాడా మీ బావ? తల ఊపడం కాదు, నోటితో చెప్పు."

"తెచ్చాడు."

"రెండో జ్వరం అప్పుడే?"

"అప్పుడే. షెడ్డు చివర ఒకటి రెండు తట్టల్లో మొదలైందట. చూసుకుంటున్నా, తగ్గిపోతుందన్నాడు. చచ్చినవి చచ్చినట్టు నీకు కనపడకుండా ఏరేస్తున్నాడు. నీళ్లు తోడుకొస్తాననో ఆకు కోసుకొస్తాననో ఇటొచ్చి ఇచ్చిపోయేవాడు."

"ఏరేస్తే తగ్గే జబ్బా అది? ఆ తట్టలు ఆ రోజే కాల్చేసి, సున్నం చల్లి, మిగతావాటిని పక్క గదిలోకి మార్చుకుని కాపాడుకునేదాన్ని కదరా. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఒక్క మాట."

"ఆ ఒక్క మాటా చెప్పాలంటే ముందు ఇంకో మాట చెప్పాలిగా వదినా."

"ఏ మాట?"

"తట్టలు కడగడం ఆయన వంతట కదా. ఈసారి బ్లీచింగ్ నీళ్లతో కడగలేదట. ఆ వాసనకి దగ్గొస్తుందని ఉత్తినే దులిపి పెట్టేశారట. ఆ సంగతి మీకు తెలిస్తే..."

"తెలిస్తే? కొరుక్కుతింటానా?"

"నా పలక పగిలిందని నీకు చెప్పలేక బడి ఎగ్గొట్టి చింతతోపులో కూర్చునేవాణ్ణి చిన్నప్పుడు. మాస్టారికి భయపడి కాదు."

"ఓహో. అందరూ కలిసి నన్ను దెయ్యాన్ని చేశారన్నమాట. కడగనిదాయన, దాచిందాయన, నూరి కొట్టింది మీరు, చివరికి తప్పు నా నోటిది."

"అలా అన్లేదు వదినా."

"అన్నారు. ఇద్దరూ అన్నారు. ఆయన ఇక్కడ లేడు కాబట్టి ఆయన మీదకి నెట్టేస్తున్నారు. ఒరేయ్, పోయిన కాపు పోయినప్పుడు ఆ మనిషి ఏం చేశాడో తెలుసా నీకు? నేను చూస్తే తట్టుకోలేనని షెడ్డు గుమ్మం దగ్గరే నన్ను ఆపేశాడు. నీ విషానికి చచ్చినవాటిని ఒక్కడే ఎత్తి, ఒక్కడే గొయ్యి తీసి పూడ్చాడు. తలుపు తియ్యనివ్వలేదు నన్ను. అలాంటివాడు నా వెనక ఇంత నాటకం ఆడతాడా?"

"ఆగక్కా. పోయినసారి నువ్వు చూడలేదా?"

"ఏం చూడాలి? మందు వాసన కొడుతోంది, పురుగులన్నీ చచ్చాయని ఆయన చెప్పాడు. ఇంక చూసేదేముంది?"

"వాసన నా తోటలోంచి రావచ్చుగా. నేను అడిగేది పురుగుల్ని. నీ కళ్లతో ఒక్కటైనా చూశావా, ఎలా చచ్చిందో?"

"ఇప్పుడెందుకా ప్రశ్న?"

"చూశావా లేదా?"

"లేదు. సరాసరి నీ ఇంటి మీదకొచ్చా."

"ఏమండీ, వీధి గేటు చప్పుడు. ఎవరో వస్తున్నారు."

"బావ. బావ దగ్గే అది."

"కదలకు. నువ్వూ మాట్లాడకమ్మా. నేనిక్కడున్నానని ఆయనకి తెలీదు. రానీ."

"చెల్లెమ్మా, ఉన్నావా? వంటింట్లో ఉన్నట్టున్నావు, రాకులే. ఇంకో బకెట్ తెచ్చా, వరండాలో పెట్టి పోతున్నా. మీ వదిన బజారుకెళ్లింది, వచ్చేలోగా వెళ్లిపోవాలి. అన్నీ తెల్లబడిపోయాయమ్మా, పోయిన కాపు ఎలా పోయిందో అలాగే. అప్పుడు నింద వాడి విషం మీదకి పోయింది, ఇప్పుడు వాడి బూజు మీదకి పోతుంది. వచ్చి అరిస్తే వాణ్ణి కాస్త ఓర్చుకోమను. వాడైతే తమ్ముడు, పడతాడు."